జాషువా ఓటమా, వైల్డర్ ఓటమా
నెల్లూరు ట్రంక్ రోడ్డులో టీ కొట్టు కాడ మావోళ్ళకి ఎప్పుడూ ఇదే గొడవ, ఓడిన బాక్సర్ని ఎట్ట చూడాల అని. 2019 జూన్‌లో ఆండీ రూయిజ్ చేతిలో ఏడో రౌండ్లో బ్రిటన్ హెవీవెయిట్ బాక్సర్ ఆంథోనీ జాషువా ఓడితే "పనైపోయిందబ్బా" అన్నారు, డిసెంబర్లో మళ్ళా అదే రూయిజ్‌తో దిగి 12 రౌండ్లూ దూరం నుంచే జాబ్‌లు (ముందు చేత్తో నేరుగా విసిరే గుద్దులు) కొట్టుకుంటా పాయింట్ల మీద గెలిచాడు. చూసేదానికి బోరే, ఒప్పుకుంటా.

అమెరికా హెవీవెయిట్ డియాంటే వైల్డరేమో 2020లో బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీ చేతిలో, అదీ ఏడో రౌండే, ఓడిపోయి, రింగులోకి వేసుకొచ్చిన 40 పౌండ్ల పైన డ్రెస్సు బరువుకి కాళ్ళు పోయాయన్నాడు, ఫైట్ ఆపమని రింగులోకి టవల్ వేసిన ట్రైనర్నీ పీకేశాడు. ఇంకేంది, నవ్వులపాలు. కానీ 2021లో ఫ్యూరీని రెండుసార్లు కింద పడేసి, మళ్ళా ఓడినా 11వ రౌండ్ దాకా నిలబడ్డాడు చూడండి, నవ్వినోళ్ళే చప్పట్లు కొట్టారు.

నాకు జాషువా పద్ధతే నచ్చింది గానీ, మళ్ళా చూడమంటే మాత్రం ఆ వైల్డర్ ఫైటే పెట్టుకుంటా.