ఎండ ముదిరేకొద్దీ బాగా కనపడే స్క్రీను: ఈట్రెక్స్ 22ఎక్స్, చాన్నాళ్లు వాడినాక

మే నెల్లో మిట్టమధ్యాన్నం జమ్మలమడుగు పక్క కొండల్లో నిలబడి ఫోన్లో మ్యాపు చూడాలని ఎప్పుడన్నా తిప్పలు పడినారా? బ్రైట్‌నెస్ మొత్తం పెంచినా అందులో మన మొహమే కనపడతాది, ఇంకాసేపటికి వేడెక్కింది చల్లారనీ అని ఒక మెసేజు పెట్టి ఆరిపోతాది. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్ అనే చేతిలో పట్టుకునే జీపీఎస్ మెషీను నేను కొన్నది ఈ ఒక్క బాధకే, ఇన్నాళ్లు వాడినాక కూడా దాని మీద ప్రేమ ఉండేది ఈ ఒక్కదానికే. ఎండ ఎంత గట్టిగా కొడితే దాని స్క్రీను అంత బాగా కనపడతాది. ట్రాన్స్‌ఫ్లెక్టివ్ అంటారు, లోపల లైటు వెలగకపోయినా పైనుంచి పడే వెలుతురునే వెనక్కి కొట్టి బొమ్మ చూపించే రకం. మిగతా లెక్కలన్నీ, అంటే రెండు పెన్సిల్ సెల్లులు, నీళ్లలో పడినా ఏం కాదు, మెమరీ కార్డు పడతాది ఇట్లాంటివి, యాడైనా దొరుకుతాయి, మళ్లీ నేను రాసేది లేదు.

నాకుండే పిచ్చి పాత శాసనాలు, వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్లు) వెతకడం. కలమళ్ల శాసనం, తొలి తెలుగు శాసనం, సుమారు 575 నాటిది, మన కడప జిల్లాలోదే కదా, దాని గురించి తెలిసినప్పట్నించి పొలం గట్టు మీద నిలబెట్టిన ప్రతి బండా నాకు అనుమానంగానే కనపడతాది. గొర్రెలు మేపేటోళ్లు, ఉపాధి పనికి పోయేటోళ్లు ఫలానా వంకలో రాతలుండే రాయుండాది సార్ అని చెప్తారు. ఆ వంకకు రోడ్డుండదు, సిగ్నలుండదు, ఒకసారి చూసొచ్చినాక మళ్లీ పోదామంటే ఏ తుమ్మచెట్టు పక్కన చూసినామో గుర్తుండదు. అందుకని రాయి దొరికిన వెంటనే మెషీను దాని మీదే పెట్టి కాసేపు ఆగి పాయింటు సేవ్ చేసుకుంటా.

ఒక ఎండాకాలం నేనూ మా బావా గండికోట పక్క ఎర్రమల కొండల్లోకి పోయినాం, గొర్రెలాయన ఒకాయన దారి చూపించి రాయి చూపించి తన మందతో ఇంకో పక్కకి వెళ్లిపోయినాడు. మంచి వీరగల్లు, కత్తి పట్టుకున్న మనిషి, కింద రెండు మూడు వరసలు అక్షరాలు, కానీ సూర్యుడు నడినెత్తిన ఉంటే ఒక్క గీతా తెలియదు, వేలితో తడిమితే మాత్రం ఉన్నట్టు తెలుస్తాది. ఫోటోలు తీసుకుని వెనక్కి తిరిగినాం. బావ ముందు రోజే ఫోన్లోకి ఆఫ్‌లైన్ మ్యాపు దించుకుని ఉన్నాడు, పొద్దున్నుంచి నా మెషీను చూసి ఒకటే నవ్వుడు, ఏం బామ్మర్దీ ఈ కాలంలో ఈ నోకియా ఫోనేంది అని. తిరుగుదార్లో పావు దూరం కూడా రాలేదు, ఆయన ఫోను మంట మాదిరి కాలి ఆరిపోయింది. జేబులోంచి తీసి చొక్కాతో విసరడం, నీళ్ల బాటిలుకి ఆనించడం, అన్నీ అయినాయి. చుట్టూ చూస్తే అన్నీ ఒకే రంగు ఎర్ర గుండ్లు, సర్కారు తుమ్మ, ఎటు చూసినా వచ్చిన దారే అనిపిస్తాది. నీళ్లు అడుగుకొచ్చినాయి.

అప్పుడు మెషీన్లో ట్రాక్‌బ్యాక్ పెట్టినాను, అంటే పొద్దున మనం నడిచిన దారినే గీతగా చూపించి వెనక్కి నడిపిస్తాది. ఇక్కడ నాకు భలే అనిపించిన సంగతి ఏందంటే, ఎండ తగులుతోందని ఇద్దరం ఒక గుండు నీడలో కూలబడి స్క్రీను చూస్తే గీత మసకమసకగా ఉండాది, అదే నేను లేచి ఎండలోకి రెండడుగులు వేసి చూస్తే గీత, బాణం, కింద మీటర్ల అంకెలు అన్నీ పేపర్ మీద అచ్చేసినంత స్పష్టం. అట్ల బావ నీడలో కూర్చోవడం, నేను ఎండలోకి పోయి చూసి రావడం, చెమటకి బొటనవేలు ఆ చిన్న కర్ర బటన్ మీద జారడం, ఇట్లనే గుండు గుండుకీ ఆగుకుంటా దిగినాం.

మధ్యలో ఒక తమాషా. పొద్దున పైకి ఎక్కేటప్పుడు లోయ అంచున నిట్టనిలువు బండ కింద నుంచి పోయినాం, ఆడ గీత వంకరటింకర పోయి పెన్న దాటి అవతలి గట్టు మీద నడిచినట్టు చూపించింది! బాణం కూడా లోయలోకే చూపిస్తాంది. బావ అన్నాడు, ఇది మనల్ని పెన్నలోకి దూకమంటాంది, నువ్వు దూకు నేను చూసొస్తా అని. మెషీను పాడై కాదు, శాటిలైట్ సిగ్నల్ నేరుగా రాకుండా ఎదురు బండకి తగిలి తిరిగొస్తే దూరం లెక్క తప్పుతాది, ఇది ఫోనుకైనా దేనికైనా అంతే. ఆ ముక్క వదిలేసి బండ పక్కనే నడిచినాం, ఆకాశం తెరుచుకున్న చోట గీత మళ్లీ కాళ్ల కిందకొచ్చింది. బైకు దగ్గరకొచ్చినాక బావ నోకియా మాట ఎత్తలేదు.

ఇంతదాకా పొగిడినాను గాని ఒక చిక్కుండాది. అరిగిపోయిన అక్షరాలు చదవాలంటే ఏటవాలు ఎండ కావాల, పొద్దున ఎండెక్కకముందో సాయంత్రం పొద్దు వాలేటప్పుడో, అప్పుడే గాట్లలో నీడ పడి అక్షరం లేస్తాది. అంటే నాకు రాయి దగ్గర అసలు పనుండేది ఈ స్క్రీను బాగా కనపడని టైములోనే. పొద్దు వాలినాక బ్యాక్‌లైటు వెయ్యకపోతే ఏమీ కనపడదు, వేస్తే సెల్లులు తినేస్తాది, 25 గంటలని రాసింటారు చూడు, లైటు వేసుకుంటా నడిస్తే అంత రాదు. చార్జింగు సెల్లులు వాడేటోళ్లు సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం ఎన్‌ఐఎంహెచ్ అని మార్చుకోండి, లేకుంటే ఎంత మిగిలిందో చూపించే గీతలు నమ్మడానికి లేదు. ఇంట్లో ట్యూబులైటు కింద కూడా ఈ స్క్రీను నీరసంగానే ఉంటాది, షాపులో చూసి వద్దనుకున్నోళ్లు నాకు తెలుసు, బయటికి తెచ్చి చూడండప్పా.

ఇంకోటి, ఈ మోడల్లో దిక్సూచి సెన్సార్ లేదు, నడుస్తుంటేనే దిక్కు తెలుస్తాది, నిలబడితే బాణం ఎటంటే అటు తిరుగుతాది. సెన్సార్ కావాలంటే 32ఎక్స్ ఉండాది, డబ్బులు ఎక్కువ. నాకు ఇరవై అడుగులు నడిచి చూసుకోవడం అలవాటైపోయింది.

పాయింట్లు వాట్సాప్‌లో పంపుకునేటోళ్లకి ఒక మాట. మెషీను మామూలుగా డిగ్రీలు, నిమిషాలు అని చూపిస్తాది, ఫోను మ్యాపు డిగ్రీలనే దశాంశాల్లో చూపిస్తాది. గండికోట దగ్గర పాయింటు 14 డిగ్రీల 48.8 నిమిషాలు, 78 డిగ్రీల 16.8 నిమిషాలు అనుకుందాం. ప్రొద్దుటూరు ఫ్రెండు ఒకడు ఇట్లాంటిదాన్ని 14.488, 78.168 అని ఫోన్లో కొట్టుకున్నాడు, మ్యాపు వాణ్ణి తీస్కపోయి పులివెందుల పక్కన పెట్టింది! ముప్పై కిలోమీటర్ల పైన తేడా. నాకు ఫోను చేసి ఈడ రాయి లేదు, అంతా అరటి తోటలే అంటాడు. సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్ దశాంశం పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

చేతిలో ఇది చూస్తే ఊళ్లల్లో రీసర్వే వాళ్లనుకుంటారు, చుట్టూ చేరి మా గట్టు కొలిచి చెప్పు సార్ అంటారు. చుట్టూ తిరిగితే విస్తీర్ణం చెప్పేది ఇందులో ఉండాది, టమాటా ఎంత వేసినామో ఉజ్జాయింపుగా తెలుసుకోవడానికి బాగుంటాది. గట్టు తగాదాకి మాత్రం వద్దు. ఎకరా అంటే ఒక్కో పక్క 64 మీటర్లు లెక్కేసుకోండి, ఒక పక్క గీత మూడు మీటర్లు జరిగితేనే నాలుగున్నర సెంట్ల పైన తేడా వస్తాది, మూడు మీటర్లు జరగడం దీనికి మామూలే.

కొనాలా వద్దా అంటే, నా మాదిరి చెట్టూ చేమా లేని కొండల్లో పట్టపగలు తిరిగేటోళ్లయితే కొనండి. నల్లమల మాదిరి దట్టమైన అడివిలో తిరిగేటోళ్లకి ఈ స్క్రీను గొప్ప అంతగా పనికిరాదు, నీడలో అది నీరసమే. మ్యాపు అక్కర్లేదు, పోయి తిరిగొస్తే చాలు అనుకుంటే ఈట్రెక్స్ ఎస్ఈ చూడండి, నలుపు తెలుపు స్క్రీను, సెల్లులు చాలా ఎక్కువ గంటలు వస్తాయి, దిక్సూచీ ఉంటాది, నేనిప్పుడు కొత్తగా కొంటే బహుశా అదే కొనేవాణ్ణేమో, కానీ నాకు గీత కింద వంకలు, బండిదార్లు కనపడకపోతే నడవబుద్ధి కాదు. శాటిలైట్ మెసేజ్ పంపే ఇన్‌రీచ్ రకం జోలికి పోవద్దు, మన దేశంలో లైసెన్సు లేకుండా అది దగ్గర పెట్టుకుంటే కేసు అవుతాది. మామూలు జీపీఎస్‌కి ఆ బాధ లేదు. కొన్నాక సెల్లులు మాత్రం రెండు జతలు పెట్టుకోండి, ఒకటి మెషీన్లో, ఒకటి సంచిలో.