అమలాపురంలో ఒక నెట్ సెంటరు: వెబ్ ఆప్షన్లు పెట్టించుకున్న అనుభవం

అమలాపురం బస్టాండుకు నడక దూరంలో ఉన్న ఒక నెట్ సెంటరులో ఈఏపీసెట్ (ఇంజనీరింగు ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగుకు వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కళాశాలల, బ్రాంచీల వరుస, పెట్టించుకున్నాము. నా వెంట ఇద్దరు పిల్లలు వచ్చారు. ఒకరు మా అమ్మాయి, ఇంకొకరు మా తోటలో కొబ్బరి దింపు తీసే అతని కూతురు. ఒకే బల్ల దగ్గర, ఒకే మనిషి చేతి మీదుగా ఇద్దరి పనీ జరిగింది గనుక, అక్కడి సేవ అందరికీ ఒకే తీరుగా అందుతున్నదా లేదా అని దగ్గర నుంచి చూడగలిగాను.

ముందుగా ధర సంగతి. ఆప్షన్లు పెట్టినందుకు మనిషికి 200 రూపాయలు తీసుకున్నారు. ప్రింటుకు పేజీ లెక్కన వేరే ఇవ్వాలి. రసీదు ఇవ్వరు. కౌన్సెలింగు రుసుము దీనికి అదనం. ఎస్సీ, ఎస్టీలకు 600, మిగిలిన వారికి 1200 గనుక, బీసీ అయిన ఆ దింపు కార్మికుడు కూడా నాతో సమానంగా 1200 కట్టవలసి వచ్చింది. ముఖం చూసి ధర చెప్పే అలవాటు మాత్రం ఈ సెంటరులో లేదు.

అసలు విషయం ఆప్షన్ల జాబితా. కన్వీనరు కోటాలో, అంటే యాజమాన్యం చేతిలో లేకుండా ర్యాంకును బట్టి నింపే సీట్లలో, సీటు కేటాయించేది కంప్యూటరు. అది ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుని, వారు రాసుకున్న ఆప్షన్లను పై నుంచి కిందికి చూస్తూ, వారి కేటగిరీకి, స్థానికతకు సరిపడే ఖాళీ మొదట ఎక్కడ దొరికితే అక్కడ ఆగుతుంది. అందుచేత పెద్ద కళాశాలను పైన రాసుకున్నందువల్ల కింది ఆప్షన్లకు వచ్చే నష్టమేమీ లేదు. నష్టమల్లా తక్కువ రాయడంలోనూ, వరుస తప్పడంలోనూ ఉంది. ఈ సంగతి తెలిసిన ఇంటి పిల్లకూ తెలియని ఇంటి పిల్లకూ ర్యాంకు ఒకటే అయినా ఫలితం ఒకటి కాదు. దింపు అతని ఇంటికి అప్పటికే ఒక కళాశాల పీఆర్వో (పిల్లలను చేర్పించుకోవడానికి తిరిగే ఉద్యోగి) రెండుసార్లు వచ్చి, మూడే ఆప్షన్లు రాసి పెట్టిన కాగితం ఇచ్చి వెళ్ళాడు. మూడూ ఆ కళాశాలవే, బ్రాంచీలు వేరు.

సెంటరు యజమాని ఆ కాగితాన్ని పక్కన పెట్టి, "ఇంతకన్నా మంచి కాలేజీ వస్తే వెళ్తావా, వెళ్ళవా?" అని అమ్మాయినే అడిగాడు. కాకినాడ జేఎన్‌టీయూ మొదలుకొని రోజూ బస్సులో వెళ్ళిరాగల కళాశాలల వరకూ ఆమె చేతనే వరుస రాయించాడు. సీట్లలో 85 శాతం స్థానికులవనీ, కోనసీమ వాళ్ళం ఆంధ్రా విశ్వవిద్యాలయ ప్రాంతం కిందికి వస్తామనీ, ఓపెన్ (రిజర్వేషను లేని) పోటీలో నిలిచే ర్యాంకు ఉన్న బీసీ అభ్యర్థి ఓపెన్ సీటు తీసుకుంటే బీసీల 29 శాతంలో కోత పడదనీ, ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు ఉంటాయనీ ఓపికగా చెప్పాడు. ఇవన్నీ ఏళ్ళ తరబడి ఉన్న నిబంధనలే. స్థానికత నియమానికి మూలమైన రాష్ట్రపతి ఉత్తర్వు 1974 నాటిది. అయినా, కాస్తో కూస్తో చదువుకున్న నాకే వీటిలో రెండు కొత్తగా తెలిశాయి. ఆమె పని ముగియడానికి గంటకు పైగా పట్టింది, మా అమ్మాయిది నలభై నిమిషాల్లో అయిపోయింది. అవసరాన్ని బట్టి సమయం ఇవ్వడమే నాకు ఇక్కడ అన్నింటికన్నా నచ్చింది.

లోపాలూ చిన్నవి కావు. కేటగిరీ ఏమిటో గది అంతా వినబడేలా అడుగుతారు. పదిహేను మంది ముందు ఆ పిల్ల తల వంచుకుని జవాబు చెప్పింది. కులధ్రువీకరణ పత్రం చేతిలోనే ఉండగా నోటితో చెప్పించవలసిన పని ఏమిటని అడిగితే, యజమాని నవ్వేసి ఊరుకున్నాడు. తరువాత వచ్చిన వారిని మాత్రం కాగితం చూపించమన్నాడు. అంతకన్నా ఆందోళన కలిగించేది పాస్‌వర్డుల పుస్తకం. వచ్చిన ప్రతి అభ్యర్థి హాల్‌టికెట్ నంబరూ పాస్‌వర్డూ ఒక పొడుగాటి పుస్తకంలో రాసి, బల్ల మీదే తెరిచి ఉంచుతున్నారు. గడువు ముగియక ముందే ఎవరైనా లోపలికి వెళ్ళి వరుస మార్చేస్తే, ఆ పిల్ల చదివిన రెండేళ్ళ చదువుకు దిక్కెవరు? ఫ్రీజ్ చేసిన, అంటే ఇక మార్చడానికి వీలులేని, జాబితా ప్రింటు కూడా అడిగితేనే ఇస్తారు.

దింపు అతని కూతురికి ఏడో ఆప్షను వచ్చింది, పీఆర్వో కాగితంలోని మూడింటిలో ఏదీ కాదు. మా అమ్మాయికి పంతొమ్మిదోది వచ్చింది. రెండో విడతకు కూడా అక్కడికే వెళ్తాము. అయితే చివరి రోజు వరకూ ఆగకుండా పొద్దున్నే వెళ్ళాలి, ఓటీపీకి మన ఫోను నంబరే ఇవ్వాలి, ప్రింటు తీసుకోకుండా కుర్చీ లోంచి లేవకూడదు. ఆప్షన్లు పెట్టిన రోజు తిరుగు బస్సులో కూర్చున్న వెంటనే ఆ పిల్ల తన పాస్‌వర్డు తానే మార్చుకుంది. మా అమ్మాయికి ఆ ఆలోచన ఆమెను చూశాకే వచ్చింది.