రిగోల్ గట్టు మీద అద్దె గ్రావెల్ సైకిలు: రెండు రోజుల అనుభవం

మా గోదావరి జిల్లాలో గ్రావెల్ అంటే ఎన్నికల ముందు లారీల్లో తెచ్చి రోడ్డు మీద తోలే ఎర్రమట్టి. అందుకే ఫ్రాన్స్‌లో మేముండే తులూజ్‌లో ఒక సైకిల్ షాపు అద్దం మీద 'గ్రావెల్' అన్న మాట చూసి మా ఆయన "ఇక్కడ కూడా తోలుతున్నారా?" అన్నారు. లోపలికి వెళ్ళి అడిగితే తెలిసింది, అది సైకిల్ రకం. చూడటానికి వంగిన హ్యాండిల్‌తో రేసు సైకిల్‌లా ఉంటుంది గానీ టైర్లు 40 మిల్లీమీటర్ల వెడల్పు, పట్టున్న టైర్లు. తారు మీద బరువనిపించదు, మట్టిలో దిగబడదు. రోజుకి 45 యూరోలు. మా ఆయన బ్యాటరీది తీసుకున్నారు, దానికి 70. "నీకు ఉత్సాహం ఎక్కువ, నాకు కిలోలు ఎక్కువ" అని సమర్థించుకున్నారు.

షాపు పేరు రాయను. కారణం కింద వస్తుంది.

తులూజ్‌లో ఉండే మనవాళ్ళలో సైకిలున్న ప్రతివాళ్ళూ ఒకసారైనా కనాల్ ద్యు మిదీ అనే పెద్ద కాలువ గట్టు మీద తొక్కి ఉంటారు. ఊళ్ళోంచి బయల్దేరితే జిల్లా సరిహద్దు దాకా, అంటే దాదాపు 50 కిలోమీటర్లు, నున్నటి తారు బాట. దానికి గ్రావెల్ సైకిలు అక్కర్లేదు, కూరగాయల బుట్ట ఉన్న సైకిలు చాలు. ఈ సైకిలు పనికొచ్చేది రిగోల్ మీద. ఆ పెద్ద కాలువకి నీళ్ళు మోసుకొచ్చే పిల్లకాలువ పేరు రిగోల్. మా ఊళ్ళో పెద్దకాలువ పిల్లకాలువకి నీళ్ళిస్తుంది, ఇక్కడ తిరకాసు, పిల్లదే పెద్దదానికి తల్లి. నల్లకొండల వాగుల్ని పట్టుకుని, కొండ మట్టం వెంట వంకర్లు తిరుగుతూ 38 కిలోమీటర్లు వచ్చి నొరూజ్ దగ్గర కాలువలో కలుస్తుంది.

సెప్టెంబరు మూడో శనివారం పొద్దున్నే రైల్లో సైకిళ్ళెక్కించి ఆవిన్యొనె స్టేషన్లో దిగాం. అక్కణ్ణించి నొరూజ్ దగ్గరే. ముందు ఇక్కడ కాసేపు ఆగాలి. చాలామంది ఆగరు, ఒక ఫొటో తీసుకుని పోతారు.

నొరూజ్ సముద్రమట్టానికి 189 మీటర్ల ఎత్తు. కాలువ మొత్తంలో ఇదే మిట్ట. రిగోల్ నీళ్ళు ఇక్కడికి వచ్చి రెండుగా చీలతాయి. కుడిపక్కకి పోయినవి తులూజ్ మీదుగా అట్లాంటిక్ దారి పడతాయి, ఎడమపక్కవి మధ్యధరా సముద్రానికి. ఈ కిటుకు పట్టుకున్నవాడు పియేర్ పాల్ రికే. ఇంజనీరు కాదు, ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు. పద్నాలుగో లూయీ 1666లో అనుమతిచ్చాడు, 1681లో కాలువ తెరిచారు. రికే దాన్ని చూడలేదు, అంతకు కొన్ని నెలల ముందు 1680 అక్టోబరులో పోయాడు. సొంత డబ్బు కూడా పోసి అప్పుల్లో మునిగాడు, ఆ అప్పులు తీరడానికి వారసులకి దశాబ్దాలు పట్టింది. ఆయన తవ్వించిన ఎనిమిది పలకల చెరువు ఒండ్రు పట్టి పూడిపోతే దాంట్లో ప్లేన్ చెట్లు నాటారు. ఆ చెట్ల కిందే మా పులిహోర డబ్బా తెరిచాం.

మా నాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు. లాకులు, తూములు తప్ప ఇంకో లోకం లేదాయనకి. వీడియో కాల్ చేసి నీళ్ళు చీలేచోట ఫోను పట్టుకున్నా. సముద్రాలు, రాజులు అని నేను చెప్తుంటే ఆయన విననే లేదు.

"అది సరేనమ్మా, ఏ పక్కకి ఎంత వదలాలో ఎవరు చెప్తారు? తలుపు తిప్పే మనిషేడీ?"

"ఎవరూ లేరు నాన్నా. శనివారం కదా."

"శనివారమైతే? నీళ్ళకి సెలవుంటదా?"

సమాధానం నా దగ్గర లేదు. ఫోను మా ఆయన చేతికిచ్చి సైకిలెక్కా.

ఇక బాట సంగతి. రిగోల్ పక్కన బాట ఒకే తీరుగా ఉండదు, అందుకే నచ్చింది. మొదట జీపు పట్టేంత వెడల్పు, తెల్ల కంకర. తర్వాత మధ్యలో గడ్డి, రెండు పక్కలా చక్రాల దారి. ఇంకొంచెం పోతే మనిషి పట్టేంత సన్నని కాలిబాట, వేళ్ళు పైకి తేలి ఉంటాయి. ఓక్ చెట్ల నీడ గొడుగు పట్టినట్టే. ఎగుడు దాదాపు లేనట్టే, నీళ్ళు జారినంత మెల్లగా ఎక్కుతుంది నేల. వంకర్లు మాత్రం చెప్పలేనన్ని. కొండ మట్టం చెడకుండా తవ్వినందువల్ల కళ్ళెదుట అర కిలోమీటరులో కనిపించే ఊరికి రెండు కిలోమీటర్లు తిరిగి పోవాలి. తొందరున్నవాళ్ళు రావద్దు. బయట రెండు పక్కలా పొలాలు, ఈ ప్రాంతం పేరు లోరాగె. పొద్దుతిరుగుడు కోతకొచ్చింది, తలలు నల్లబడి అన్నీ వంచుకుని ఉన్నాయి. ఈ నేల బంకమట్టి, తడిస్తే మన రేగడిలాగే చక్రానికి ముద్దలు కడుతుందట. మేం వెళ్ళే ముందు వారమంతా వాన లేదు, బతికిపోయాం.

ఎదురుగా వీపున సంచులు, సంచికి ఆల్చిప్ప కట్టుకున్నవాళ్ళు నడిచొస్తున్నారు. స్పెయిన్‌లోని సాంతియాగోకి పోయే యాత్రికులు, ఆ పాత దారి ఈ గట్టు మీదుగానే పోతుంది. బెల్ కొట్టి పలకరిస్తే పక్కకి జరిగి నవ్వుతారు. కొట్టకుండా దూసుకెళ్తే వినిపించే మాటలు వేరు.

ఆ వారాంతం దేశమంతటా వారసత్వ దినాలు. మామూలుగా తాళం వేసుండే చోట్లు తెరుస్తారు. ఒక ఊళ్ళో చిన్న చర్చి తెరిచి ఉంటే లోపలికి వెళ్ళాం. ఈ ప్రాంతంలో చాలా చర్చీలకి శిఖరం ఉండదు. ముందు గోడనే పైకి లేపి, దాంట్లో కిటికీల్లాంటి కంతలు పెట్టి, ఒక్కో కంతలో ఒక గంట వేలాడదీస్తారు. లోపల ఒక పెద్దావిడ కుర్చీలో కూచుని అల్లుకుంటోంది. మేం భారతదేశం నుంచి అనగానే అల్లిక పక్కనపెట్టి తాడు చూపించి, లాగమంది. లాగా. ఊరంతా వినపడింది. మధ్యాహ్నం కాకుండానే గంట మోగిందేమిటని ఒకాయన బయటికొచ్చి చూశాడు కూడా.

అక్కణ్ణించి నాలుగు కిలోమీటర్లు వెళ్ళేసరికి నా వెనక చక్రం బుస్సుమంది.

ఇది షాపువాళ్ళ పాపం. ఈ టైర్లలో ట్యూబు ఉండదు, లోపల తెల్లటి జిగురు మందు పోస్తారు. ముల్లు దిగితే ఆ మందు కంతలోకి వచ్చి గడ్డకట్టి మూసేస్తుంది. నాకు దిగింది కంచెలో ఉండే చిన్న ముల్లు, గోరంత కూడా లేదు. మూసుకోవాలి. మూసుకోలేదు. టైరు విప్పి చూస్తే మందు ఎప్పుడో ఎండిపోయి, అప్పడం పెచ్చుల్లా అంచుకి అంటుకుని ఉంది. సరే, ఇచ్చిన కిట్‌లో ట్యూబు ఉందిగా అనుకుంటే, ట్యూబు ఎక్కించాలంటే ముందు రిమ్ముకున్న వాల్వు పీకాలి, దాని నట్టు తుప్పుపట్టి చేత్తో కదలదు. కిట్‌లో అల్లెన్ కీలు ఆరున్నాయి, ఆ నట్టుని పట్టేది ఒక్కటీ లేదు. షాపుకి ఫోన్ చేస్తే "సోమవారం తెస్తే చూస్తాం" అన్నారు. నేనున్నది పొలాల మధ్య, శనివారం పదకొండింటికి!

అవతలి గట్టున ఒకాయన ట్రాక్టరు మీద పోతూ ఆగాడు. ఏమీ అడగలేదు. సీటు కింద నుంచి కటింగ్ ప్లేరు తీసి, చిన్న వంతెన దాటి వచ్చి, నట్టు రెండు తిప్పుల్లో ఊడదీశాడు. కిట్‌లో ట్యూబు సన్నటిది, రేసు సైకిలుది, అయినా గాలి కొడితే సాగి సరిపోయింది. ఎండిన మందు పెచ్చు ఒకటి వేళ్ళ మధ్య నలిపి చూసి, తలాడించి, ప్లేరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. తిరిగి ఇద్దామన్నా ఎక్కడివాడో తెలీదు. ఇప్పుడది మా వంటింటి డ్రాయరులో ఉంది.

ఈ గొడవతో గంటన్నర పోయింది. రెవెల్‌లో శనివారం సంత చూడాలనే ఆ రోజు ఎంచుకున్నాం. చేరేసరికి రెండయింది, గొడుగులు మడిచేసి నేల కడుగుతున్నారు. ఖాళీగా చూడటం కూడా ఒకందుకు మంచిదే అయింది. ఊరు 1342లో గళ్ళు గీసినట్టు కట్టింది, నడిబొడ్డున సంత మండపం, 79 చెక్క స్తంభాల మీద పెద్ద పెంకుటి కప్పు. జనం ఉంటే ఆ దూలాలు చూసేవాళ్ళం కాదు. స్తంభాల అడుగున చేతులు తగిలేచోట చెక్క నల్లగా, నున్నగా మెరుస్తోంది, మన గుళ్ళో ధ్వజస్తంభం దగ్గర రాయిలాగ. మిగిలిన అత్తిపండ్లు ఒకావిడ సగం ధరకిచ్చింది.

రాత్రి బస ఊరి బయట ఒక రైతు ఇంట్లో. ఇద్దరికి గది, రాత్రి భోజనం, పొద్దున కాఫీ, రొట్టె కలిపి 125 యూరోలు. సైకిళ్ళు పెట్టుకోవడానికి తాళం ఉన్న కొట్టం, కడుక్కోవడానికి గొట్టం. శాకాహారం కావాలని ముందే రాస్తే గుమ్మడికాయ సూపు, ఆమ్లెట్ పెట్టారు. ఉప్పు తక్కువ, మనసు ఎక్కువ. సంచిలో నిమ్మకాయ పచ్చడి సీసా ఉంటే ఐదు మార్కులూ వేసేదాన్ని, నాలుగున్నర వేశా.

భోజనం దగ్గర ఆ ఇంటావిడ నీలిరంగు గుడ్డ ఒకటి తెచ్చి చూపించింది. ఈ ప్రాంతంలో ఒకప్పుడు పాస్తెల్ అనే మొక్క పండించేవారు. ఆకులు తిరగలిలో నూరి, ఉండలు చేసి ఎండబెట్టి అమ్మితే దాంతో నీలిరంగు తీసేవారు. ఆ ఉండల్ని కొకాన్య్ అంటారు. ఆ డబ్బుతో తులూజ్ వ్యాపారులు కట్టుకున్న ఇటుక మేడలు ఇప్పటికీ ఉన్నాయి, నేను రోజూ ఆఫీసుకి వాటి పక్కనుంచే పోతా. పదహారో శతాబ్దం రెండో సగంలో ఆ వ్యాపారం కూలింది. ఇక్కడి మతయుద్ధాలు ఒక కారణమైతే, రెండోది ఓడల్లో వచ్చిన నీలిమందు. ఎక్కణ్ణించి వచ్చిందని మా ఆయన అడిగారు. ఆవిడ నవ్వి, ఫోర్కుతో మా ఇద్దరినీ చూపించింది. మర్నాడు బిల్లులో మాత్రం ఏమీ కలపలేదు.

ఆదివారం పొద్దున సాన్ ఫెరెయోల్ ఎక్కాం. రెవెల్ నుంచి మూడు, నాలుగు కిలోమీటర్లే గానీ నిటారు. చిన్న గేరులో కూచుని మెల్లగా తొక్కితే ఈ సైకిలు ఎక్కేస్తుంది, ఆ విషయంలో పేరు పెట్టడానికి లేదు. మా ఆయన బ్యాటరీ మీద ఈలవేసుకుంటూ పోయారు. కాలువకి ఎండాకాలం నీళ్ళు ఉండాలని కట్టిన చెరువు ఇది, 1667లో మొదలుపెట్టి 1672కి పూర్తిచేశారు. ఆనకట్ట పొడవు 786 మీటర్లు. మధ్యలో రాతి గోడలు, వాటి మధ్య మట్టి. ఆ మట్టి బుట్టలకెత్తి మోసినవాళ్ళలో చాలామంది ఆడకూలీలు. కట్ట మీద సైకిలు నడిపించుకుంటూ పోతుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఊరి చెరువు పూడిక తీసిన ఏడు ఆవిడా తట్ట మోసింది. మెడ నొప్పి గురించి పోయేదాకా చెప్తూనే ఉండేది.

అక్కణ్ణించి దక్షిణంగా కాస్తెల్నొదారి అనే ఊరికి పొలం బాటలు. దూరం పాతిక కిలోమీటర్ల లోపే, దిగుడే ఎక్కువ, గంటన్నరలో అయిపోవాలి. రెండున్నర పట్టింది. ఆ రోజు ఓతాన్ లేచింది. ఆగ్నేయం నుంచి కొట్టే గాలికి ఇక్కడి పేరది, రోజులకొద్దీ వీస్తే మనుషులకి పిచ్చెక్కుతుందని చెప్పుకుంటారు. దిగుడులో కూడా తొక్కితే గానీ సైకిలు కదల్లేదు. బయల్దేరే ముందు గాలి ఎటో చూసుకోండి, ఎదురైతే దారి తిప్పుకుని తొక్కండి. దారిలో ఇసెల్ అనే ఊరు, కుండల ఊరు. కసూలె అనే వంటకానికి పేరొచ్చింది కసోల్ అనే మట్టిమూకుడు వల్ల, ఆ మూకుళ్ళకి ఈ ఊరు పెట్టింది పేరు.

కసూలె గురించి ఎక్కువ రాయను. తెల్ల చిక్కుడు గింజలు, బాతు, పంది మాంసం, సాసేజి కలిపి గంటలకొద్దీ ఉడికిస్తారు. పంది తినని వాళ్ళకి కాదు. నేను శాకాహారిని, గింజలు మాత్రం విడిగా వండిస్తారా అని అడిగితే వడ్డించే అబ్బాయి నన్ను జాలిగా చూసి సలాడ్ తెచ్చాడు. మా ఆయన మొత్తం తిని రైల్లో తులూజ్ దాకా నిద్రపోయారు.

మార్కుల సంగతి. రిగోల్ బాటకి ఐదుకి ఐదు, వానాకాలం తప్ప. సైకిలు రకానికి నాలుగు. అద్దె షాపుకి ఒకటి, అది కూడా హ్యాండిల్ టేపు కొత్తది వేసినందుకు. తిరిగి ఇచ్చేటప్పుడు ట్యూబుకి తొమ్మిది యూరోలు డిపాజిట్‌లో పట్టుకుంటానన్నాడు. ఎండిన మందు పెచ్చుల్ని కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను, కౌంటరు మీద విప్పా. పట్టుకోలేదు.

మీరు వెళ్తే, ఏ షాపులోనైనా సరే, డబ్బు కట్టేముందు చక్రం కాస్త పైకెత్తి చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. కొబ్బరికాయ కొనేటప్పుడు ఊపి చూస్తామే, అలాగే. లోపల నీళ్ళ చప్పుడు రాకపోతే ఆ సైకిలు వద్దనండి.