450 రూపాయల రెయిన్ కవర్ తలకోన వానకు ఆగిందా?

తిరుపతిలో ఒక షాపులో కెమెరాకి ఈ రెయిన్ కవర్ కొని, నవంబర్ ముసురులో తలకోన అడవికి పట్టుకెళ్లాను. రెండు గంటలు తడిసినా కెమెరా బాడీలోకి చుక్క నీరు దిగలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. లెన్స్ దగ్గరి తాడే దరిద్రం, ఊరికే జారిపోతుంది, చివరికి మా ఆవిడ జుట్టు రబ్బర్‌బ్యాండు అడిగి బిగించాను. ప్లాస్టిక్ చప్పుడుకి దగ్గర్లో ఉన్న వడ్రంగిపిట్ట తుర్రుమంది. కళ్లు పెట్టి చూసే చోట కిటికీ లాంటిది పెట్టారు గానీ ఊపిరి తగిలితే మసకే. ఇంకోటి, చెట్ల కింద మబ్బు పట్టినప్పుడు వెలుతురు చాలదు, వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే ఐఎస్ఓ సెట్టింగు 3200 దాకా పెంచితేగానీ తడిసి ముద్దయి రెక్కలు విదిలిస్తున్న పికిలిపిట్ట దొరకలేదు, అలా పెంచినందుకు ఫోటోలో ఇసక చల్లినట్టు గ్రెయిన్ వచ్చిందంటే ఆ తప్పు కవర్‌ది కాదు. ఐదుకి మూడు.