తండ్రి పేరు అడగని చోటు
అమ్మ పెరిగిన అనాథాశ్రమం చూద్దామని ఇద్దరం బయల్దేరాం. విజయవాడ నుంచి రైలు వేళకే చేరింది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆన్‌లైన్‌లో రూ.1,450కి గది తీసుకున్నాను. కౌంటర్లో కుర్రాడు ఏసీకి 300, గది ఇచ్చే వేళకంటే ముందే వచ్చామని 250 వేసి మొత్తం 2,000 కట్టించుకున్నాడు. బుకింగ్‌లో ఏసీ అని ఉందని చూపించినా వినలేదు.

డబ్బు సంగతి వదిలేద్దాం. రిజిస్టర్లో అమ్మ పేరు పక్కన తండ్రి పేరు రాయమన్నాడు. అమ్మకు తన తండ్రి పేరు తెలియదు. 1968లో, నాలుగేళ్ల వయసులో, ఆమెను ఎవరో తెచ్చి ఇక్కడి సిస్టర్ల అనాథాశ్రమంలో వదిలారు. భర్త పేరు రాస్తామన్నా ఒప్పుకోలేదు. "నాన్న పేరు తెలీకపోవడమేంటమ్మా?" అని పదిమంది ముందు గట్టిగా అడిగాడు. అరవై దాటిన మనిషిని! చివరికి నేనే ఏదో పేరు రాసేశాను. అలా రాసినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. మధ్యాహ్నం అమ్మ అన్నం ముట్టలేదు.

సాయంత్రం సెయింట్ మేరీస్ గుడికి తీసుకెళ్లాను. 1850లో కట్టింది, 2008లో బసిలికా (పోప్ ప్రత్యేక హోదా ఇచ్చిన చర్చి) అయింది. అక్కడ గంటసేపు కూర్చున్నాక అమ్మ మాట్లాడింది. చిన్నప్పుడు సిస్టర్లు చెప్పిన కథే మళ్లీ చెప్పింది. ఇటలీలోని ట్యూరిన్‌లో కార్లో, జూలియా అని జమీందారు దంపతులు ఉండేవారట. వాళ్లకు పిల్లలు లేరు. కూలికి పోయే తల్లిదండ్రుల పిల్లల కోసం 1825లో తమ భవనంలోనే బడి తెరిచారు. ఆ పని చూసుకోవడానికి 1834లో సెయింట్ ఆన్స్ సిస్టర్ల సభ (సన్యాసినుల సంఘం) పెట్టారు. ఆ సభ సిస్టర్లే 1871లో సికింద్రాబాద్ వచ్చారు. అప్పటికి ఇది ఇంగ్లీషు సైన్యం ఉండే కంటోన్మెంటు. "కడుపున పుట్టకపోయినా పెంచారు" అంది అమ్మ.

మర్నాడు ఆశ్రమానికి ఆటోలో వెళ్లాం, రూ.180. ఎనభై దాటిన సిస్టరమ్మ ఒకావిడ అమ్మ చేయి పట్టుకుని, "ఏ సంవత్సరం వచ్చావు? నీ మంచం ఎక్కడుండేది?" అని అడిగింది. "కిటికీ పక్కది సిస్టర్" అంది అమ్మ. ఇద్దరూ ఏడ్చారు, నేను బయటికి వచ్చేశాను. టమాటా పప్పు, గోంగూర పచ్చడి, ఉడికించిన గుడ్డుతో భోజనం పెట్టారు. అమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. ఐదు వేలు ఇస్తే, వద్దన్నా రసీదు రాసిచ్చారు.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఫోన్ చేయండి. కేకులు, కెమెరాలు పట్టుకుని వెళ్లకండి. పిల్లలెవరో బయటికి తెలిసేలా ఫొటోలు పెట్టడం జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం. ఏం కావాలో వాళ్లనే అడిగి తీసుకెళ్లండి. మాకు చెప్పింది నోటు పుస్తకాలు, దుప్పట్లు.

హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసఫ్ కెథెడ్రల్ చర్చి కూడా చూశాం, బాగుంది. డిసెంబరులో దుప్పట్లు తీసుకుని మళ్లీ వెళ్దామంటోంది అమ్మ. ఈసారి స్టేషన్ దగ్గర గది తీసుకోం. రాత్రి రైలెక్కి పొద్దున దిగి, ఆ రాత్రికే తిరిగి వచ్చేస్తాం.