చిన్న కారుకి ఆయిల్ ఫిల్టర్: కంపెనీదా, బయటిదా, లోకల్ మాలా?

వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, ఆల్టో కె10 లాంటి మారుతి పెట్రోల్ బండికి ఆయిల్ ఫిల్టర్ కావాలని విజయవాడ ఆటోనగర్‌లో అడిగినా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగినా కౌంటర్ మీదికి మూడు రకాలు వస్తాయి. మారుతి జెన్యూన్ పార్ట్స్ డబ్బాలోది ఒకటి. మాహ్లే, బాష్, ప్యూరొలేటర్, ఎలోఫిక్ లాంటి ఫిల్టర్ కంపెనీలది ఇంకొకటి. మూడోది పేరూ ఊరూ సరిగ్గా లేని లోకల్ మాల్, ఒక్కోసారి డబ్బా కూడా ఉండదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. మారుతి చిన్న కార్లలో ఎక్కువగా ఉండే కె సిరీస్ పెట్రోల్ ఇంజన్‌కి కంపెనీ ఫిల్టర్ కొనడమే లాభం. ఇది షోరూమ్ మీద భక్తితో అంటున్న మాట కాదు. ఆ ఫిల్టర్ మామూలుగా రెండు వందల రూపాయల లోపే వస్తుంది. అదే సర్వీసులో పోసే సుమారు మూడు లీటర్ల సింథటిక్ ఆయిల్‌కి వెయ్యి దాటుతుంది. ఆయిల్ దగ్గర అంత పెట్టి, ఫిల్టర్ దగ్గర యాభై మిగుల్చుకోవాలని చూడటంలో అర్థం లేదు. కంపెనీది దొరక్కపోతే పేరున్న ఫిల్టర్ కంపెనీ సరుకు తీసుకోండి, కానీ వాళ్ల కేటలాగ్‌లో మీ బండి మోడల్, ఇంజన్, తయారైన సంవత్సరం మూడూ కలవాలి. లోకల్ మాల్ మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఎందుకో తెలియాలంటే ఫిల్టర్‌ని తిరగేసి చూడాలి. మధ్యలో మర ఉన్న పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు ఉంటాయి. మురికి ఆయిల్ చిన్న రంధ్రాల్లోంచి లోపలికెళ్లి, మడతలు పెట్టిన కాగితం గుండా వడకట్టుకుని, మధ్య రంధ్రంలోంచి ఇంజన్‌కి చేరుతుంది. చిన్న రంధ్రాల వెనక నల్లటిదో నారింజ రంగుదో పల్చటి రబ్బరు పొర కనిపిస్తుంది. బండి ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారి ఛాంబర్‌లోకి, అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలోకి పోకుండా ఆపేది అదే. ఫిల్టర్ అడ్డంగానో వాలుగానో కూర్చునే ఇంజన్లలో దీని విలువ మరీ ఎక్కువ. ఆ రబ్బరు గట్టిపడిపోయిందంటే రాత్రికి రాత్రే ఫిల్టర్ ఖాళీ అవుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ లైటు రెండు మూడు సెకన్లు ఎక్కువ వెలుగుతుంది, పైనుంచి టకటకమని చప్పుడు వస్తుంది. ఆయిల్ పైదాకా చేరాక చప్పుడు ఆగిపోతుంది, అందుకే చాలామంది పట్టించుకోరు.

సాధారణంగా నల్లటిది నైట్రైల్ రబ్బరు, నారింజది సిలికాన్ రబ్బరు. ఎక్కువ వేడికి, ఎక్కువ కాలానికి సిలికాన్ మెత్తగా నిలుస్తుంది. అయితే 10,000 కిలోమీటర్లకో ఏడాదికో ఏది ముందైతే దానికి మార్చేవాళ్లకు మంచి నైట్రైల్ సరిపోతుంది, రంగు చూసి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. శుభ్రమైన పుల్లతో పొరని మెల్లగా నొక్కి వదలండి. వెంటనే వెనక్కొచ్చి అతుక్కోవాలి. అంచు పైకి లేచి ఉన్నా, ముడత పడి ఉన్నా వెనక్కిచ్చేయండి.

లోపల ఇంకో వాల్వు కూడా ఉంటుంది, అది బయటికి కనిపించదు. కాగితం మూసుకుపోయినా, చలిలో ఆయిల్ చిక్కబడినా ఇంజన్‌కి ఆయిల్ ఆగకూడదు కాబట్టి, కాగితానికి అటూ ఇటూ ఒత్తిడి తేడా ఒక బార్ దరిదాపుల్లోకి రాగానే స్ప్రింగు తెరుచుకుని వడకట్టని ఆయిల్‌నే పంపేస్తుంది. స్ప్రింగు మెతకదైతే తరచూ తెరుచుకుంటూ ఉంటుంది, ఇక ఫిల్టర్ ఉన్నా లేనట్టే. మరీ బిగుతుదైతే కాగితం నలిగి చిరుగుతుంది. కంపెనీ పేరుకి మనం కట్టే డబ్బు నిజానికి ఈ స్ప్రింగుకీ, కాగితానికీ.

ఇక అసలు ప్రమాదం 'ఇది కూడా పడుతుందండీ' అనే మాటలో ఉంది. మారుతి కె సిరీస్, హ్యుందాయ్ పెట్రోల్ ఇంజన్ల ఫిల్టర్ మర ఎం20×1.5, అంటే వ్యాసం 20 మిల్లీమీటర్లు, మరకీ మరకీ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లు. టయోటా చిన్న పెట్రోల్ ఇంజన్లలో ఎక్కువగా ఉండేది ముప్పావు అంగుళం, అంగుళానికి 16 మరలు. చూపుకి రెండూ ఒకటే. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు, కాబట్టి ఎం20 ఫిల్టర్ ఆ ఇంజన్ మీది మర కడ్డీ (స్టడ్) మీద వదులుగా ఎక్కి బిగిసినట్టే అనిపిస్తుంది. హైవే మీద ఒత్తిడి పెరిగాక మర జారి ఫిల్టర్ ఊడొస్తే, నిమిషంలో ఛాంబర్ ఖాళీ. మర ఒక్కటే కలిస్తే కూడా చాలదు. ఫిల్టర్ అంచున ఉండే రబ్బరు వాషర్ వ్యాసం, ఇంజన్ మీద అది కూర్చునే చోటు సరిపోవాలి. పాత ఫిల్టర్ పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి రబ్బరు మీద రబ్బరు ఆనించి చూడండి. అయితే పాతది కూడా ఎవరో తప్పుగా వేసిందే కావచ్చు, కాబట్టి పార్ట్ నంబర్ కూడా కలిపి చూసుకోవాలి.

పెద్ద ఫిల్టర్ వేస్తే ఇంజన్‌కి మంచిదని కొందరు మెకానిక్‌లు అంటారు. చిన్న కారులో దానివల్ల ఒరిగేదేమీ లేదు, పైగా పక్కనున్న భాగాలకు తగిలే అవకాశం ఉంది.

డూప్లికేట్‌ని పట్టుకోవడం కష్టమే, హోలోగ్రాం ఒక్కటీ చూసి నమ్మొద్దు. డబ్బా మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా ఉండాలి. డబ్బా మీది పార్ట్ నంబర్, ఫిల్టర్ ఒంటి మీది నంబర్ ఒకటే కావాలి. మధ్య రంధ్రంలోకి టార్చ్ కొట్టి చూస్తే మరల్లో ఇనుప పొడి, గరుకు అంచులు ఉండకూడదు. ఊపితే లోపల ఏదీ కదలకూడదు. బిల్లు తీసుకోండి, వారంటీలో ఉన్న బండికైతే అది తప్పనిసరి.

బిగించడంలో ఎక్కువగా జరిగే పొరపాటు పాత రబ్బరు వాషర్ ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోవడం. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి జారి, స్టార్ట్ చేయగానే ఆయిల్ చిమ్ముతుంది. అందుకే విప్పిన ఫిల్టర్ మీద రబ్బరు ఉందో లేదో ముందు చూడండి. ఇంజన్ మీది చోటు గుడ్డతో తుడిచి, కొత్త రబ్బరుకి కొత్త ఆయిల్ రాయండి. పొడిగా బిగిస్తే రబ్బరు మెలిపడుతుంది. చేత్తో తిప్పి, రబ్బరు ఆనిన దగ్గర్నుంచి ముప్పావు చుట్టు బిగిస్తే చాలు, చాలా ఫిల్టర్ల ఒంటి మీదే ఆ కొలత ముద్రించి ఉంటుంది. పానా పెట్టి బలం చూపిస్తే వచ్చే సర్వీసులో స్క్రూడ్రైవర్ గుచ్చి విప్పాల్సొస్తుంది. పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్ట్ వాషర్ కూడా కొత్తదే వేయించండి, పాతది మళ్లీ వాడితే చెమ్మ కారడం మామూలే. స్టార్ట్ చేశాక కొద్ది సెకన్లలో ఆయిల్ లైటు ఆరాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఆరితే ఒక నిమిషం నడిపి, కింద తడి చూసి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) చూడండి. ఫిల్టర్ నిండింది కాబట్టి మట్టం కొంచెం తగ్గి ఉంటుంది, పై గీత దాటకుండా కలపండి.

ఆయిల్ మార్చి ఫిల్టర్ ఉంచేద్దామంటే మాత్రం ఒప్పుకోవద్దు. పాత ఫిల్టర్‌లో మిగిలిన నల్లటి ఆయిల్ కొత్తదాంట్లోనే కలుస్తుంది.

1.3 లీటర్ డీజిల్ స్విఫ్ట్ సంగతి వేరు. అందులో ఇలా తిప్పి బిగించే రేకు ఫిల్టర్ ఉండదు, ప్లాస్టిక్ మూత కింద కాగితం ఎలిమెంట్ మాత్రమే మారుతుంది. పాత ఎలిమెంట్ తీసుకెళ్లి ఎత్తు, మధ్య రంధ్రం కొలిచి కొనండి, డబ్బాలో ఓరింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) ఉందో లేదో అక్కడే తెరిచి చూసుకోండి. మూతకి కొత్త ఓరింగ్ వేసి, మూత మీద బిగింపు కొలత రాసి ఉంటే అంతవరకే బిగించాలి. ప్లాస్టిక్ చీలిందంటే మూత ధర ఫిల్టర్ ధరకి కొన్ని రెట్లు.