నాలుగు వేల లోపు గాలం సరంజామా: ముట్టుకాడు పండుగప్పకు ఎంతవరకు సరిపోతుంది?

చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారం తెల్లవారుజామున ముట్టుకాడు ఉప్పుటేటి గట్టున నిలబడి పండుగప్పకు గాలం వేయాలని ఆశపడే తెలుగు మిత్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: తక్కువ ఖర్చులో ఏది కొనాలి? ఉత్తర చెన్నైలోని ఒక చిన్న దుకాణంలో 2,600 రూపాయలకు కొన్న రాడ్డు, రీలు జతను ఆరు నెలలపాటు దాదాపు ప్రతి వారం వాడాను. అందులో దేనిని నమ్మవచ్చో, దేనిని కొన్న రోజే మార్చివేయాలో ఇప్పుడు నిశ్చయంగా చెప్పగలను.

ముందుగా ఒక మాట. ఇంటర్నెట్‌లో కనిపించే బాస్ వేట వీడియోలలోని లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. మన పండుగప్పను, అంటే ఇక్కడి తమిళ జాలరులు కొడువా అని పిలిచే చేపను, ఆసియా సీబాస్ అంటారు గాని ఆ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. అయినా రెండూ వంతెన స్తంభాల చాటున, మునిగిన కొమ్మల నీడన పొంచి ఉండి, దగ్గరికి వచ్చిన చిన్న చేపను నీటితోపాటు ఒక్క గుటకలో లోపలికి లాగేసుకునే జాతులే కనుక, బాస్ కోసం పుట్టిన పద్ధతులు ఇక్కడా చక్కగా ఫలిస్తాయి.

జతలోని రాడ్డు ఏడు అడుగులది, రెండు ముక్కలుగా విడుతుంది, ఫైబర్ గ్లాసుతో చేసినది. కార్బన్ రాడ్డుతో పోలిస్తే బరువు ఎక్కువ, ఎర నేలను తాకిన స్పర్శ చేతికి అంత స్పష్టంగా అందదు. కాని బండరాయికి తగిలినా, బస్సులో ఎవరి కాలి కిందనో పడినా తట్టుకునే గుణం గ్లాసుకే ఉంది, కొత్తగా నేర్చుకునేవారికి అదే ముఖ్యం. కొనేటప్పుడు దారం వెళ్ళే వలయాలన్నింటి లోపల ఒక దూది ముక్కను తిప్పి చూడండి, ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, ఆ పగులు మీ దారాన్ని ప్రతి విసురులోనూ కొంచెం కొంచెం కోస్తుంది. నేను ఇలా చూసి రెండు రాడ్లను పక్కన పెట్టి మూడోది తీసుకున్నాను.

రీలు 3000 సైజు, అంటే మధ్యరకం, స్పిన్నింగ్ రీలు. పెట్టె మీద పది బేరింగులని గొప్పగా ముద్రించారు గాని, బేరింగుల సంఖ్యకు, రీలు మన్నికకు పెద్దగా సంబంధం లేదు. చేతితో పట్టుకుని హ్యాండిల్ తిప్పినప్పుడు రీలు ఒళ్ళు వంగకుండా ఉందా, డ్రాగ్, అంటే చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే బిగింపు, కుదుపులు లేకుండా పనిచేస్తోందా అన్నవే చూడవలసినవి. ఈ రీలులో డ్రాగ్ బాగానే ఉంది. బలహీనత దారం దొర్లే చిన్న చక్రంలో బయటపడింది. మూడో నెలలో ఉప్పు పట్టి అది తిరగడం మానేసింది, తిరగని చక్రం మీద దారం ఒరుసుకుపోతుంటే ఆ సంగతి గమనించేలోపే ఒక మంచి చేపను పోగొట్టుకున్నాను. అప్పటినుంచి ఇంటికి రాగానే డ్రాగ్ మరను బిగించి, సన్నటి ధారగా మంచినీళ్ళు పోసి, ఆరిన తరువాత ఆ చక్రానికి ఒక్క చుక్క నూనె వేస్తున్నాను, మళ్ళీ ఇబ్బంది రాలేదు.

జతతో ఉచితంగా ఇచ్చిన నైలాన్ దారాన్ని, ప్లాస్టిక్ పెట్టెలోని ఐదు లూర్లను, అంటే కృత్రిమ ఎరలను, మాత్రం నమ్మకండి. దుకాణంలో పనిచేసే సూళ్ళూరుపేట పెద్దాయన ఒకరు నేను రాడ్లు బేరమాడుతుంటే విని, "కర్ర మీద కాదు బాబూ, దారం మీద, కొక్కెం మీద పెట్టండి డబ్బులు, చేప పట్టుకునేది వాటినే" అన్నారు. ఈ ఆరు నెలల్లో ఆయన మాటలోని సత్యం నాకు మళ్ళీ మళ్ళీ తెలిసివచ్చింది. 550 రూపాయలకు 20 పౌండ్ల బలం గల, పోగులు అల్లిన బ్రెయిడ్ దారం, 250కి దాని కొనకు, ఎరకు మధ్య కట్టే 40 పౌండ్ల గట్టి లీడర్ దారం, 400కి తల దగ్గర సీసం పోసిన కొక్కేలైన జిగ్ హెడ్‌లు, గట్టి కొక్కేలు కొన్నాను, మొత్తం 3,800 అయింది.

బ్రెయిడ్ అదే బలం గల నైలాన్ కంటే దాదాపు సగం మందమే ఉంటుంది కనుక దూరం పోతుంది, సాగదు కనుక చిన్న తాకిడి కూడా చేతికి తెలుస్తుంది. స్పూలుకు నేరుగా చుడితే మాత్రం మొత్తం దారం జారి తిరుగుతుంది, అందుకే అడుగున కొన్ని చుట్లు నైలాన్ వేసి దానిపై బ్రెయిడ్ ఎక్కించాలి, అంచుకు రెండు మిల్లీమీటర్ల కిందివరకే నింపాలి. ఇక లీడర్ విషయంలో పొదుపు చేయకూడదు. పండుగప్ప నోరు ఆకురాయిలా గరుకుగా ఉంటుంది, మొప్ప మూత అంచు కత్తిలా కోస్తుంది, ఉత్త బ్రెయిడ్ ఆ రాపిడికి నిలవదు. లీడర్‌ను డబుల్ యూని ముడితో కలిపి, బిగించే ముందు ముడిని తడి చేసి, పొడవు 60 సెంటీమీటర్లకు మించకుండా ఉంచితే విసిరేటప్పుడు ముడి రాడ్డు కొనలోని వలయంలో చిక్కుకోదు. డ్రాగ్‌ను దారం బలంలో నాలుగో వంతుకు, అంటే ఈ దారానికి సుమారు రెండుంపావు కిలోలకు, కూరగాయలు తూచే స్ప్రింగు కాటాతో సరిచూసుకున్నాను.

ఎరగా మూడు, నాలుగు అంగుళాల మెత్తటి రబ్బరు చేపపిల్లను 10 గ్రాముల జిగ్ హెడ్‌కు గుచ్చడం అన్నింటికంటే చవకైన మార్గం, నా చేపల్లో ఎక్కువ భాగం దానికే పడ్డాయి. పాటు మొదలై నీరు సముద్రం వైపు లాగుతున్నప్పుడు, తమిళులు మడవై అనే చేపపిల్లలు, రొయ్యలు ఆ ప్రవాహంతో కొట్టుకువస్తాయి, పండుగప్ప అడ్డుల వెనక నిదానమైన నీటిలో కాచుకుంటుంది. ప్రవాహానికి ఎదురుగా ఏటవాలుగా విసిరి, ఎర నేలకు దిగనిచ్చి, రెండు చుట్లు తిప్పి, రాడ్డు కొనను పైకెత్తి మళ్ళీ దిగనివ్వాలి. దిగుతున్నప్పుడే చేప పట్టుకుంటుంది, అందుకే ఆ క్షణంలో దారాన్ని మరీ వదులుగా ఉంచకూడదు.

నాచు, తామర తూడులు ఉన్న మంచినీటి చెరువుల్లో కొర్రమీనుకు టెక్సస్ రిగ్ మేలు. కొక్కెం మొనను మెత్తటి ఎరలోపలే దాచి, ముందు తూటా ఆకారపు సీసం కట్టే ఈ పద్ధతి బాస్ వేటగాళ్ళ నుంచి వచ్చింది, గడ్డికి తగులుకోకుండా జారుకుంటూ వస్తుంది. చెరువులలో చేపల హక్కులు వేలంలో ఇచ్చి ఉండవచ్చు కనుక అనుమతి అడిగాకే వేయాలి.

ముట్టుకాడులో పండుగప్ప గురించి ఇంకొకటి చెప్పాలి. ఇక్కడే ప్రయోగకేంద్రం ఉన్న కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, సిబా, 1997లో మన దేశంలో తొలిసారిగా ఈ చేపను హేచరీలో పిల్లలు పెట్టించగలిగింది. ఈ చేప మొదట మగదిగా ఎదిగి, పెద్దదైన తరువాత ఆడదిగా మారుతుంది. అంటే మన గాలానికి పడే పెద్ద చేపలు దాదాపుగా తల్లిచేపలే. అందుకే నేను కొక్కెం మొన వెనక ఉండే ఎదురు ముల్లును శ్రావణంతో నొక్కివేసి, పెద్దవాటిని నీటిలోనే విడిపించి వదులుతున్నాను, వండుకోవడానికి ఒక మాదిరి చేపనే ఉంచుకుంటాను.

ఈ జతను ఉప్పుటేళ్ళకు, చెరువులకు నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ముట్టుకాడు పక్కనే ఉన్న కోవళం వైపు సముద్రపు అలల్లోకి విసరాలనుకునేవారు మాత్రం దీనిని కొనవద్దు, అక్కడ అలల గీతను దాటించడానికి తొమ్మిది, పది అడుగుల రాడ్డు, ఇంకా పెద్ద రీలు కావాలి.